చెప్పుల కాపలా

పులిహోరలో వేరుశనగ పలుకులన్నీ దాలినాయుడే ఏరుకు తినేశాడు. నా ఒళ్లు మండిపోయింది.

ఏటా కార్తీకంలో స్నేహితులమంతా మాడుగుల అవతల జలపాతానికి పిక్నిక్ వెళ్తాం. మోకాళ్లు పాడయ్యాక నన్ను గట్టు మీదే వదిలేస్తున్నారు.

"నువ్వు దిగలేవు బావా. మా సెప్పులు సూస్తుండు," అన్నాడు దాలినాయుడు.

"నాను మీ సెప్పులకి కాపలా కుక్కనేటిరా?"

వినకుండా దిగిపోయారు. నిరుడు తీసిన ముప్పయ్యారు ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను.

తిరిగొచ్చేసరికి అందరికీ ఒక్కో చెప్పే ఉంది.

"నక్కలట్టుకుపోయేయిరా," అన్నాను.

"ఎడంకాలివేనేటి?"

ముళ్లదారిలో నడవలేక గంటసేపు నా చుట్టూ కూలబడి తిట్టారు. రీలులో మిగిలిన ఆఖరి ఫొటో అప్పుడే తీశారు. మధ్యలో నేనే.

ఆ చెప్పులు నేను కింద వేసుక్కూర్చున్న సంచిలోనే ఉన్నాయి.