ట్రౌటు ఏటి దగ్గర పెళ్ళిచూపులు

"అదేం పట్టుకోవడమయ్యా? చేతిలో ఉన్నది గాలం కర్రా, దుడ్డుకర్రా?" అన్నాడు ఫెర్గస్.

డెస్ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తేనే ఫెర్గస్‌కు ఒళ్ళు మండింది. తిట్టినా నవ్వే, వెక్కిరించినా నవ్వే. పౌరుషం ఉన్నవాడి లక్షణమేనా అది?

ఇలాంటివాడు ఐల్సాను పెళ్ళి చేసుకుంటాడట!

డాల్గెటీల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళను ఎవరు చేసుకోవాలన్నా ముందు ఇంటి పెద్దతో కలిసి సౌత్‌లాండ్ కొండల్లోని ఈ లాడ్జికి రావాలి. గైడు వెంట ఏటికి ఎదురు నడవాలి. ఎవరూ పెంచి వదలని, ఆ ఏట్లోనే పుట్టి పెరిగిన ట్రౌటు చేపను ఈకలతో కట్టిన ఈగను ఎరగా వేసి పట్టాలి, పట్టి మళ్ళీ ఏట్లోనే వదిలెయ్యాలి. చేప ఒక వంక మాత్రమే. మనిషి బండారం బయటపడేది ఇక్కడే. ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద ఫెర్గస్. అతను కాదంటే ఈ పెళ్ళి మానేస్తానని ఐల్సా మాటిచ్చింది.

కాదనడానికే అతను వచ్చాడు.

ఐల్సాకు లోకజ్ఞానం తక్కువ. నవ్వుతూ పలకరిస్తే చాలు, మంచివాడు అనేస్తుంది. ఒకసారి ఆమె ఏడాది పొడుగునా ఏడవడం ఫెర్గస్ కళ్ళారా చూశాడు. అప్పట్నుంచీ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. మళ్ళీ ఆ ఏడుపు చూసే శక్తి తనకు లేదు. అసలు ఊళ్ళో శనివారం డ్యాన్సులకు పంపడమే తప్పయిపోయింది. చీకటి పడకముందే ఇల్లు చేరమంటే ఏ అర్ధరాత్రో వచ్చేది, బుగ్గలు ఎర్రగా చేసుకుని. అప్పుడే అనుమానించాల్సింది.

గైడు ట్రూడీ ముందు వంగి నడుస్తోంది. ఇక్కడ చేపను కనిపెట్టేది గైడు. ఈగను విసిరేది మాత్రం వంతులవారీగా ఒక్కొక్కరే. మొదటి వంతు డెస్‌ది.

ఈగను దారానికి ముడెయ్యడానికే అతనికి ఒక యుగం పట్టింది. తీరా విసిరితే అది వెనక పొదల్లో చిక్కుకుంది. మళ్ళీ విసిరితే తన టోపీకే తగులుకుంది. ఇంకోసారి విసరబోయి, కాలు జారి ఏట్లో కూలబడ్డాడు.

"ఈ దెబ్బకి చేపలన్నీ సముద్రంలోకి పారిపోయుంటాయి. ఇదేనా నీ ప్రయోజకత్వం? ఐల్సాకు ఏం పట్టి పెడతావయ్యా?"

"ఐల్సాకు చేపలంటే పడదు కదా," అన్నాడు డెస్, జుట్టు తుడుచుకుంటూ.

నిజమే. ఆ సంగతి వీడికి కూడా తెలిసిపోయిందా అని ఫెర్గస్‌కు ఇంకా మండింది.

కొంత దూరం పోయాక ట్రూడీ ఆగి గొంతు తగ్గించింది. "ఫెర్గస్, మీ వంతు. ఆ నల్లరాయి పక్కన చూడండి. ఈ ఏడాది ఇంత పెద్దది నేను చూడలేదు. తొందరపడకండి. అది నోరు మూశాక, 'దేవుడు రాజుగారిని చల్లగా చూడాలి' అని మెల్లగా అనుకుని, అప్పుడు కర్ర ఎత్తండి."

"రాణిగారున్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. నాకు నేర్పుతున్నావా?"

ఫెర్గస్ విసిరాడు. విసురుకు వంక పెట్టడానికి లేదు. ఈగ నీటిమీద పువ్వులా వాలింది. ట్రౌటు తాపీగా పైకి తేలింది. తెల్లగా నోరు తెరిచింది.

"దేవుడు..." అన్నాడో లేదో చెయ్యి ఆగలేదు. కర్ర ఎత్తేశాడు. తెరిచిన నోట్లోంచి ఈగ ఒట్టిదే ఎగిరొచ్చింది. చేప ఒక్క మలుపు తిరిగి లోతుల్లోకి పోయింది.

ఫెర్గస్ గిర్రున వెనక్కి తిరిగాడు. "నీ నీడ పడిందయ్యా దాని మీద! ఎవడు నిలబడమన్నాడు నిన్ను అక్కడ?"

డెస్ నిలబడలేదు. ఎక్కడో వెనక, చెట్టు కింద కూర్చుని తడిసిన మేజోళ్ళు పిండుకుంటున్నాడు. ట్రూడీ ఏదో అనబోయింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"పడినట్టే ఉంది. తప్పు నాదే. బంగారంలాంటి చేపను పోగొట్టాను."

మళ్ళీ అదే నవ్వు.

ఛీ, సిగ్గూశరం లేని మనిషి! చెయ్యని తప్పును ఎవడైనా నెత్తిన వేసుకుంటాడా?

లాడ్జికి తిరిగి నడుస్తున్నంతసేపూ ఫెర్గస్ ఆ మాటే నెమరేసుకున్నాడు. ఐల్సాతో ఒకే ఇంటి కప్పు కింద బతకడం ఎలా ఉంటుందో అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? టీ చల్లారినా, గొర్రె తప్పిపోయినా, ఆరేసిన బట్టలమీద వాన పడినా అది ఎదుటివాడి తప్పే. కాదన్నామా, ఇక ఆ వారమంతా మూతి ముడుపే. అలాంటామెకు పౌరుషవంతుడు దొరికితే ఇల్లు కురుక్షేత్రమే. ఈ గంగిరెద్దే సరి. పైగా ఈమధ్య ఆమె వంటింట్లో కూనిరాగాలు తీస్తోంది. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని.

వేపకషాయం తాగిన మొహంతో లాడ్జి ఫోను అందుకున్నాడు. అవతల ఐల్సా వెంటనే ఎత్తింది.

"నీవాడు ఒట్టి చవట. చేప పట్టడం రాదు, నిలబడటం రాదు. నీకు సరిగ్గా సరిపోతాడు, చేసుకో," అన్నాడు ఫెర్గస్.

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. అతను గొంతు సవరించుకున్నాడు.

"కన్నతల్లివి, కాదనలేక ఒప్పుకుంటున్నాను గానీ, ఈ యాభై ఆరేళ్ళ వయసులో నన్ను అతన్ని 'నాన్నా' అని పిలవమని మాత్రం అడగకు!"