ఖాళీ చేసిన చోటు

నలుగుపెట్టి నీళ్ళు పోసి, నూకరత్నం బిడ్డను ఉయ్యాల్లో వేసింది. ఒంటి వేడిని చూసుకుని వెచ్చబెట్టే ఉయ్యాల అది. బిడ్డకు చెమటలు కారుతున్నా, ఒళ్ళు చల్లగా ఉందంటూ ఇంకా వెచ్చబెడుతోంది. చప్పున బిడ్డను ఎత్తుకుని ఉయ్యాల మరమ్మతు చేసే హసీనాకు ఫోన్ చేసింది.

హసీనా అక్కణ్ణుంచే ఇంట్లో యంత్రాలన్నిటికీ మెమరీ పంచే కెర్నల్ కోడంతా వెతికింది. "స్నానానికి ఎత్తగానే మెమరీలో బిడ్డ వేడి రాసుకునే చోటు ఖాళీ అయింది తల్లీ. దాన్ని కెర్నల్ మీ ఫ్రిజ్జుకిచ్చేసింది. ఉయ్యాలేమో ఇంకా ఆ పాత చోటే చూసి, ఫ్రిజ్జు చల్లదనాన్ని బిడ్డదనుకుంటోంది."

"నేనెత్తుకోబట్టేనా అక్కా?"

"నువ్వెత్తుకోక ఇంకెవరెత్తుకుంటారు? పాత గుర్తు చెరపకపోవడం మా తప్పు. సరిచేశాను, పడుకోబెట్టు."

నూకరత్నం బిడ్డను చంక దించలేదు. వేన్నీళ్ళ సీసాను ఉయ్యాల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడేమంటోందక్కా?"

"వేడిగా ఉందంటోంది."

"ఇంకో పదిసార్లు పెట్టి చూస్తాను."

"చూడమ్మా. నేను లైన్లోనే ఉంటాను."