కొత్త పియానో జబ్బులు

"మళ్లీ పాడైంది," అంది టీచరమ్మ తలుపు తీస్తూనే.

మెకానిక్ గుండెల్లో రాయి పడింది. డిజిటల్ పియానో కొని రెండు నెలలు కాలేదు. అది వచ్చిన అట్టపెట్టె ఇంకా వసారాలోనే ఉంది. మొదట ఒక కీ కిందికి దిగి పైకి లేవనంది. అది బాగుచేస్తే, వెనక పలక స్క్రూ వదులై తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. ఆ రొద మానిపిస్తే, అడాప్టరు పిన్ను వదులై మొత్తానికే మూగబోయింది. చెయ్యి తిరిగిన మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇవాళేమైందమ్మా?"

"పెడల్ తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పేరుకే కొత్త వస్తువు."

"కంపెనీకి ఫోన్ చేశారా?" అన్నాడు భయంభయంగా. ఇంకో ఫిర్యాదు వెళ్తే ఈసారి వేరేవాణ్ని పంపుతారు.

"చెయ్యలేదు. నువ్వు బిగించిందేగా, నువ్వే చూడు."

అతను నేల మీద వెల్లకిలా పడుకుని పియానో కిందికి దూరాడు. పెడల్ వైరు ఊడి వేలాడుతోంది. పోయినసారి తనే చూసి వెళ్లిన గుర్తు. తన పనితనం మీద తనకే అనుమానం వచ్చింది.

వైరు పెట్టి, లేచి కూర్చుని, పరీక్షకు వాయించాడు. రిపేరు చేశాక ఏదో ఒకటి వాయించి చూడాలి కదా. అతనికి వచ్చింది ఒకటే పాట, అదీ సగం. చిన్నప్పుడు బడిలో నేర్చుకుంటుంటే నాన్న దుకాణంలో మనిషి అవసరం పడింది. మిగతా సగం బడిలోనే ఉండిపోయింది.

మొదటిసారి విన్నప్పుడు టీచరమ్మ చెవులు మూసుకుంది. "అవి వేళ్లా, పట్టకార్లా? మణికట్టు దించు." రెండోసారి ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించింది. మూడోసారి, అన్ని కీలూ పలికితేనే పరీక్ష పూర్తయినట్టంటూ రాని సగంలో కొంత నేర్పింది.

"పిల్లలతో పాటు వచ్చి కూర్చో, రోజూ నేర్పుతాను," అని మొదటి రోజే అంది.

అతను మెలికలు తిరిగిపోయాడు. "పాలపళ్లు ఊడని పిల్లల పక్కన ఈ మీసాలేసుకుని కూర్చోవాలా అమ్మా? మా ఆవిడ నవ్వి చస్తుంది."

"సరే, నీ ఇష్టం," అంది ఆవిడ. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ తడబడకుండా చాలా దూరం వచ్చాడు. చివరి నాలుగు వరుసలొస్తే పాట పూర్తి. టీచరమ్మ ఒక్కసారీ కసరలేదు. ఇన్నేళ్లలో అంత సంతోషం అతను ఎరగడు.

"ఇక చాల్లే, పిల్లలొచ్చే వేళైంది," అంది ఆవిడ. మిగతాది చెప్పమని అడగడానికి అతనికి నోరు రాలేదు. రిపేరుకు వచ్చినవాడు పాట కూడా పూర్తిగా నేర్పమని ఎలా అడుగుతాడు?

"ఈసారి వైరుకు పట్టీ వేసి స్క్రూ బిగించానమ్మా. ఇక ఊడే ప్రశ్నే లేదు."

"లేదంటావా?"

"పూచీ నాది," అన్నాడు ధీమాగా.

మెట్లు దిగుతుంటే ఆ ధీమా కాస్తా నీరుగారిపోయింది. పియానో పాడవకపోతే తను మళ్లీ రానక్కర్లేదు. ఆ నాలుగు వరుసలు ఈ జన్మకు రానట్టే. పని బాగా చేసినందుకు మొట్టమొదటిసారి తనను తాను తిట్టుకున్నాడు.

వీధిలోకి వచ్చాక, చిన్న స్క్రూడ్రైవరు పైనే మరిచిపోయానని గుర్తొచ్చింది. ఉసూరుమంటూ మళ్లీ మెట్లెక్కాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల టీచరమ్మ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, మోకాళ్ల మీద వంగి, అతని స్క్రూడ్రైవరుతోనే ఆ పట్టీ ఊడదీస్తూ, వచ్చే వారం పాఠానికి పియానోను సిద్ధం చేస్తోంది.