అతుకు గీత

“ఇది చేత్తో చేసింది కాదమ్మా, అచ్చు పోసిన కారు. పోటీల పెట్టలేం,” అన్నాడు అభిజిత్, అరచేతిలో పట్టే ఇత్తడి అంబాసిడర్‌ను బల్ల మీద దించుతూ.

నారాయణగూడలోని ఆ హాల్లో చిన్న లోహపు కార్ల పోటీ జరుగుతోంది. న్యాయనిర్ణేత అతనే. అరుంధతి ఆ కారును తువ్వాల్లో చుట్టి, చిక్కడపల్లి నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. గుంత వచ్చిన ప్రతిసారీ తువ్వాలు విప్పి చూసుకుంది.

“నేనే చేసిన బిడ్డా. రేకు కోసి, ముక్క ముక్క సోల్డర్ పెట్టి అతికించిన.”

“మరి అతుకేది? భూతద్దం పెట్టినా దొరకలే.”

“దొరకొద్దనే కద, నాలుగు నెలలు కూసున్న.”

వెనక ఎవరో నవ్వారు. అభిజిత్ మొదటి బల్ల మీది ఇత్తడి జీపును చూపించాడు.

“అది చూడుండ్రి. మా కిషన్ రావు సార్‌ది. పోటీకి కాదు, అందరు చూసి నేర్చుకుంటరని పెట్టినం. నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే. తలుపు అంచుకు సన్నగ వెండి గీత ఉన్నదా? చేతిపనంటే గట్లుంటది. గీత లేకుండ చేసుడు ఆయనకే రాలే. మీ చేతులేమో ఊకెనే వణుకుతున్నయి.”

అరుంధతి కళ్లద్దాలు సర్దుకుని జీపు మీదికి వంగింది. గీత వెంట గోరు నడిపి తల అడ్డంగా ఊపింది.

“జర మరిగే నీళ్లు తెప్పిస్తవా?”

“తాగనీకా?”

“కారుకు.”

గుమ్మం దగ్గర చాయ్, బజ్జీలు అమ్మే ఎల్లేశం గిన్నెడు నీళ్లు పొగలు కక్కుతుండగా తెచ్చాడు. అరుంధతి అతని జాలిగంటె అడిగి తీసుకుని, కారును దాని మీద పెట్టింది.

“అమ్మా, వద్దు. పాడైతది,” అన్నాడు అభిజిత్.

ఆమె కారును నీళ్లలోకి దించి ముఖం తిప్పుకుంది. ఏదైనా విడిపోతుంటే చూడటం ఆమె వల్ల కాదు.

ముందు టాపు ఊడింది. తర్వాత బానెట్, డిక్కీ. నాలుగు తలుపులు ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. అడుగు చట్రం మాత్రం చెక్కుచెదరలేదు.

“మొదటి అతుకులకు ఎక్కువ వేడికి కరిగే సోల్డర్ పెట్టాలె, ఆఖరుకు వేడినీళ్లకే కరిగేది,” అంది అరుంధతి, తిప్పుకున్న ముఖం ఇటు తిప్పకుండానే. “లేకుంటే ఒకటి అతికిస్తుంటే ఇంకోటి ఊడుతది. పెట్టుడంతా లోపలి దిక్కే. బయటికి పొంగి గీత పడ్డదంటే, వేడి ఎక్కువైనట్టు.”

అభిజిత్ ఒక తలుపును రుమాలుతో పట్టి తిప్పి చూశాడు. లోపలి అంచున వెంట్రుకంత సోల్డర్, ఒక్క చోట కూడా పొంగకుండా సాగింది.

“తప్పయింది అమ్మా. మీ మాట వినాల్సింది. నాలుగు నెలల పని నా వల్ల పాడైంది.”

అరుంధతి ముక్కలు ఏరి తువ్వాలు మీద పరిచింది. చట్రంతో కలిపి ఎనిమిది. రెండోసారీ లెక్కపెట్టుకుంది.

“అన్నీ ఉన్నయి. ఏదీ పోలే. ప్లగ్గు ఎక్కడున్నది?”

సంచీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసింది. అది పట్టుకోగానే చేతి వణుకు ఆగిపోయింది. నవ్వినవాళ్లే వచ్చి చుట్టూ నిలబడ్డారు. సాయంత్రం ఫలితాలు చెప్పేలోపు అంబాసిడర్ మళ్లీ నిలబడింది. ఈసారి కూడా భూతద్దానికి గీత దొరకలేదు. అభిజిత్ ఆ కారును రెండు చేతులా ఎత్తి తీసుకెళ్లి, మొదటి బల్ల మీద జీపు పక్కన పెట్టాడు.

అప్పుడే కిషన్ రావు హాల్లోకి వచ్చాడు. జనం మధ్య కూర్చున్న అరుంధతిని చూసి అక్కడే ఆగాడు. గబగబా మొదటి బల్ల దగ్గరికి వెళ్లి, తన జీపును తీసి వీపు వెనక దాచుకున్నాడు.

“ఏమైంది సార్? ఎందుకు దాస్తున్నరు?” అన్నాడు అభిజిత్.

“మెల్లగ మాట్లాడు. ఈ గీత పోయేదాంక రెండో పాఠం చెప్పనన్నది మా టీచరమ్మ.”