తీతువు వార్తలు

మడుగు ఒడ్డున ఒక తీతువు ఉండేది. చిరుతపులి ఎటు తిరుగుతోందో పొద్దున్నే అరిచి చెప్పడం దాని పని. సాయంత్రం నీళ్లకొచ్చిన వాళ్లంతా ఆ వార్తలు ఎలా ఉన్నాయో చెప్పిపోయేవారు. ఈ ఆచారం ఎప్పటిదో తాబేలు తాతకి తెలుసు గానీ, ఆయన్ని అడిగితే మూడు తరాల వెనకనుంచి మొదలుపెడతాడు. అడగొద్దు.

"గొంతా అది, ఎండుకొమ్మ విరిగిన చప్పుడా?" అంది నెమలి. నెమలి గొంతు సంగతి ఇప్పుడెందుకులెండి.

"రోజూ పులి గొడవేనా పిన్నీ? కాస్త పూల గురించి కూడా చెప్పు" అంది దుప్పి.

"అంత కంగారేం అమ్మాయ్, నిదానంగా చెప్పు" అన్నాడు కుందేలు మామ. ఆయన ఒక్క సాయంత్రం కూడా మానేవాడు కాదు.

మెప్పు పొందాలని తీతువుకి మాత్రం ఉండదా? మర్నాడు తియ్యగా, నిదానంగా మోదుగపూల విశేషాలన్నీ చెప్పి, "ఇక చిరుతగారు తూర్పు పొదల్లో ఉన్నారండీ" అని ముగించింది.

ఆ సాయంత్రం అందరూ మెచ్చుకుని వెళ్లారు. చివరికి చిరుత మూతి నాక్కుంటూ వచ్చింది.

"ఈరోజు వార్తలు మహా బాగున్నాయమ్మా. ఇలాగే కానివ్వు."

కుందేలు మామ రాలేదని తీతువుకి అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే అడవి అదిరేలా అరిచింది. సాయంత్రం నెమలి మూతి తిప్పింది. చెవులు పగిలాయంది దుప్పి.

"నీ పిల్ల రాలేదేం?" అని అడిగింది తీతువు.

"వస్తోంది, దారంతా నిన్ను తిట్టుకుంటూ."

తీతువు నిశ్చింతగా రెక్కలు ముడుచుకుంది.