ఏడో మ్యాచ్ తర్వాత

విశాఖ, నెల్లూరు జట్లు చెరి మూడు మ్యాచ్‌లు గెలిచాయి. ఈ ఏడోది గెలిచినవాళ్లదే సిరీస్. ఎత్తులన్నీ ఆటగాళ్ల చెవుల్లోని యంత్రాలే చెబుతున్నాయి కనుక, ఆఖరి టైమవుట్‌లో విశాఖ కోచ్ హైమవతికి నీళ్ల సీసాలు అందించడమే పని.

పైడిరాజు కుంటుతూ వచ్చి సీసా అందుకున్నాడు.

"మోకాలు ఎలాగుందిరా?"

"బాగుందనే అంటంది మేడమ్," అన్నాడు తన చెవి చూపిస్తూ.

హైమవతి తన చెవిలోని యంత్రాన్ని అడిగింది. "వాడి మోకాలు ఎందాకా ఆగుతుంది?"

"మ్యాచ్ అయ్యేదాకా. అతన్ని ఆడిస్తేనే గెలుస్తారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మ్యాచ్ లేదు."

ఆమె పైడిరాజు భుజం పట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఓడిపోతారు," అంది యంత్రం.

"తెలుసులే," అంటూ హైమవతి వంగి, అతని బూటు లేసు విప్పసాగింది.