నువ్వుల మూట

కూతురి చేతుల కింది చేటను లాగి ఫల్లా వీధిలోకి విసిరికొట్టింది.

పెసలూ బియ్యమూ మట్టిలో చెల్లాచెదురయ్యాయి.

“కళ్ళు లేని పిల్లతో వెట్టిచాకిరీ చేయించుకోడానికి సిగ్గనిపించట్లేదా తాతా?”

హెన్ తాత గళ్ళ తువాలు నేల మీద పరిచి, వంగి ఒక్కొక్క గింజా ఎత్తుకోసాగాడు.

ఆయనెవరో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. కిందటి వానల్లో ఎక్కడినుంచో వచ్చి బౌద్ధ మఠంలో ఉండిపోయాడు. కొన్నాళ్ళుగా రోజూ పొద్దున్నే ఫల్లా ఇంటికి చేట పట్టుకొస్తున్నాడు. కలిసిపోయిన గింజల్ని ఆమె కూతురు మాలిస్ చేత వేరు చేయించి, తాటిబెల్లం ముక్క పిల్ల చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు.

మొదట్లో చింతగింజలూ చిక్కుడుగింజలూ తెచ్చాడు. తర్వాత మొక్కజొన్నలూ పెసలూ. ఇప్పుడు పెసలూ బియ్యమూ.

మాలిస్‌కి తొమ్మిదేళ్ళు. కిందటి వానల్లోనే, కర్రపెండలం నాటుతుంటే చేలో మందుపాతర పేలి చూపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక పిడికిళ్ళు బిగించుకుని మూల కూర్చునేది. తాత చేట తెచ్చాకే ఆ పిడికిళ్ళు విప్పింది.

బత్తంబాంగ్ పట్నంలో అంధుల బడి ఉంది. కాగితం మీది బొడిపె చుక్కల్ని వేలితో తడిమి ఎన్నున్నాయో చెప్పగలిగితేనే చేర్చుకుంటారు. ఫల్లాకు మిగిలిన ఆశ అదొక్కటే. తను పోయాక పిల్ల ఎవరి గుమ్మం ముందు చెయ్యి చాపాలి?

కానీ ఊరి నోరు ఊరుకుంటుందా? ఫల్లా సంతలో చేపల పులుసుతో నూడుల్స్ అమ్ముతుంది. పక్క కొట్టామె నవ్వుతూనే చురక అంటించింది, ముసలాడు గింజలు ఉచితంగా బాగుచేయించుకుని అమ్ముకుంటున్నాడని, కూలి తాటిబెల్లంతోనే సరిపెడుతున్నాడని. ఆ మాట ఫల్లాకు ములుకులా గుచ్చుకుంది.

తాత మూట కట్టుకుని లేచాడు.

“ఇంక నువ్వులొక్కటే మిగిలాయమ్మా. అవి కూడా ఏరనియ్యి.”

“మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే మర్యాద దక్కదు” అంది ఫల్లా.

ఆయన మళ్ళీ రాలేదు.

మాలిస్ తల్లితో మాట్లాడటం మానేసింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకుంది.

కోతలయ్యాక ఫల్లా కూతుర్ని పట్నం తీసుకెళ్ళింది. పెద్ద చుక్కల్ని మాలిస్ టకటకా చెప్పింది. సన్నచుక్కల దగ్గర వేలు తడబడింది. ఎంత తడిమినా లెక్క అందలేదు. పిల్ల ఏడ్చేసింది.

టీచరమ్మ ఆ వేళ్ళు పట్టుకుని చూసింది.

“ఎవరో మంచి సాధన చేయించారే. మేమూ ఇక్కడ అదే చేయిస్తాం, లావు గింజల నుంచి సన్నగింజల దాకా. మధ్యలో ఎందుకు ఆపేశారు?”



కొత్త సంవత్సరం వెళ్ళాక ఇంకొక్కసారి చూస్తామనీ, అప్పటికీ అందకపోతే చేర్చుకోవడం కుదరదనీ టీచరమ్మ చెప్పింది.

ఊళ్ళో బస్సు దిగగానే పిల్లను ఇంట్లో దింపి, ఫల్లా మఠానికి పరుగెత్తింది. తాత కాళ్ళ మీద పడైనా తీసుకురావాలనుకుంది.

తాత లేడు. మొన్న పున్నమికి జ్వరంతో పోయాడని భిక్షువు చెప్పాడు.

తాత చాప పక్కన పెసలు ఒక సంచిలో, బియ్యం ఇంకో సంచిలో, రాయీ రప్పా లేకుండా శుభ్రంగా ఉన్నాయి.

“బాగుచేసినవే కొనుక్కొచ్చేవాడు” అన్నాడు భిక్షువు. “సాయంత్రం కూర్చుని మళ్ళీ తనే కలిపేసేవాడు. ఇదేం పిచ్చి తాతా అని నవ్వేవాణ్ణి.”

చిన్న మూటొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నల్లనువ్వులు.

“పాపకిమ్మన్నాడు.”

ఫల్లా ఆ మూటను కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడు స్వామీ. మా పిల్ల ఆయనకేమవుతుందని?”

భిక్షువు తాత చాపను చుట్టి గోడకు ఆనించాడు.

“మీ చేలో ఆ పాతర పెట్టింది ఆయనేనమ్మా, పడుచువాడుగా సైన్యంలో ఉన్నప్పుడు. ఎక్కడెక్కడ పెట్టాడో చూపించి తీయించడానికే ఈ ఊరొచ్చాడు. ఆయన బస్సు దిగిన రోజే అది పేలింది.”